తాబేలును సాకితే కేసా?

ప్రశ్న: మాది కొత్తపట్నం మండలంలోని ఒక తీర గ్రామం. గత ఫిబ్రవరిలో వల తాళ్లు చుట్టుకుని తెడ్డులాంటి ముందరి కాలు తెగిన ఆలివ్ రిడ్లే తాబేలు ఒకటి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. సాక్షాత్తు కూర్మావతారమని మా నాన్నగారు దాన్ని ఇంటికి తెచ్చి, సిమెంటు తొట్టిలో బోరునీళ్లు పోసి, గాయానికి పసుపు రాసి సాకారు. మరునాటి ఉదయం నేను మెరైన్ పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేస్తే, అటవీశాఖకు తెలియజేస్తామన్నారు. 19 రోజుల తర్వాత అటవీ సిబ్బంది వచ్చి తాబేలును తీసుకెళ్లి, నాన్నగారిపై కేసు నమోదు చేశారు. ప్రాణం కాపాడటం నేరమా? సర్పంచి చేత పాత తేదీతో ఒక లేఖ రాయించుకోవచ్చా? ఏడాది గడిస్తే కేసు దానంతటదే పోతుందా?

జవాబు: మీ నాన్నగారి దయాగుణం ఈ కేసును తేల్చదు. మీరు ఒక్క వాక్యంలో చెప్పి దాటేసిన ఆ ఫోన్ కాల్ తేలుస్తుంది.

ఆలివ్ రిడ్లే, వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని మొదటి షెడ్యూల్‌కు, అంటే అత్యధిక రక్షణ ఉన్న జాబితాకు చెందిన జీవి. 39వ సెక్షన్ ప్రకారం అలాంటి జీవి ఎవరి చేతికి వచ్చినా 48 గంటల్లోగా దగ్గరి పోలీస్ స్టేషన్‌కు గాని, అధీకృత అధికారికి గాని తెలియజేయాలి. అటవీశాఖకే చెప్పాలన్న నియమం లేదు కనుక, మీ కాల్ రుజువైతే ఆ బాధ్యత నెరవేరిందని వాదించవచ్చు. కానీ అదే సెక్షన్, ముఖ్య వన్యప్రాణి సంరక్షకుని లేదా అధీకృత అధికారి లిఖితపూర్వక అనుమతి లేకుండా జీవిని ఉంచుకోవడాన్ని నిషేధిస్తోంది. ఫోన్‌లో విన్న హామీ అనుమతి కాదు. పైగా 57వ సెక్షన్ కింద ఆ స్వాధీనం అక్రమమనే కోర్టు భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవలసిన భారం మీ నాన్నగారిదే. మరునాడే పోలీసులకు చెప్పిన కుటుంబం దాచే ఉద్దేశంతో ఉంచుకోలేదని చూపడానికి ఆ కాల్ మళ్లీ అక్కరకొస్తుంది.

అయితే ఒకసారి చెప్పి 19 రోజులు ఊరుకోవడం ఏమిటి? ఒక కాగితం రాసి, రశీదు తీసుకోవాలన్న ఆలోచన రాలేదా? సముద్రపు జీవిని బోరునీళ్లలో ఉంచడమూ సరికాదు. నీరసించిన తాబేలు గాలి కోసం పైకి తేలలేక నీటిలోనే ఊపిరాడక చనిపోవచ్చు. నీడలో, తడిగుడ్డ కప్పి, అధికారులు వచ్చేదాకా కదపకుండా ఉంచితే చాలు.

పాత తేదీ లేఖ ఊసు ఇక ఎత్తకండి. తప్పుడు సాక్ష్యం సృష్టించినందుకు భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా శిక్ష పడవచ్చు. సర్పంచి కూడా ఇరుక్కుంటారు. అంతకన్నా ముఖ్యంగా, దొంగ కాగితం ఒకటి బయటపడ్డాక నిజమైన ఫోన్ కాల్‌ను కూడా ఎవరూ నమ్మరు. రుసుము కట్టి రాజీ చేసుకోవచ్చని ఎవరైనా మధ్యవర్తి చెప్పినా వినకండి. మొదటి షెడ్యూల్ జీవుల నేరాలకు కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు జైలు ఉంది. కనీస జైలుశిక్ష ఉన్న నేరాలను 54వ సెక్షన్ రాజీకి అనుమతించదు. గరిష్ఠ శిక్ష మూడేళ్లు దాటింది కనుక, నేర విచారణ పద్ధతిని నిర్దేశించే భారతీయ నాగరిక సురక్షా సంహిత 514వ సెక్షన్‌లో కోర్టు కేసు చేపట్టడానికి పెట్టిన కాలపరిమితీ వర్తించదు. ఏడాది గడిస్తే మీ సాక్ష్యమే చెరిగిపోతుంది గాని కేసు పోదు.

కాబట్టి ఈ వారంలోనే ఒంగోలులో న్యాయవాదిని నియమించుకుని, అరెస్టు భయం ఉంటే ముందస్తు బెయిలుకు దరఖాస్తు చేయించండి. ఆనాటి జనరల్ డైరీ (స్టేషన్‌లో రోజువారీ విషయాలు రాసే పుస్తకం) నమోదు నకలు కోసం సమాచార హక్కు చట్టం కింద పోలీసులను అడగండి. దర్యాప్తు సాకుతో నిరాకరిస్తే, డైరీనీ టెలికాం కంపెనీ కాల్ వివరాలనూ నాగరిక సురక్షా సంహిత 94వ సెక్షన్ కింద కోర్టు ద్వారా తెప్పించుకోవచ్చు. కంపెనీలు ఆ వివరాలను కలకాలం దాచవు. తాబేలు గాయం ఫొటోలు ఏ ఫోన్‌లో తీశారో దాన్ని అమ్మకండి, రీసెట్ చేయకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేయాల్సిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ధ్రువపత్రం ఆ ఫోన్ ఆధారంగానే ఇవ్వవలసి ఉంటుంది.