యాంటీబయాటిక్‌తో విరేచనాలు: పెరుగు చాలా, ప్రోబయాటిక్ కావాలా?

పంటి ఇన్ఫెక్షన్‌కు యాంటీబయాటిక్ మొదలుపెట్టాక మీ నాన్నగారికి విరేచనాలు పట్టుకున్నాయని, డాక్టరు ప్రోబయాటిక్ (కడుపుకు మేలుచేసే సూక్ష్మజీవులున్న మందు) రాశారని, ఇంట్లో గడ్డపెరుగు ఉండగా అది కొనడం దండగేమో అని అడిగారు. దండగ కాదు. ఆ రెండూ చేసే పని వేరు.

కిందటేడు మా అమ్మకూ ఇదే జరిగింది. అమోక్సిసిలిన్, క్లావులానిక్ ఆమ్లం కలిసిన మాత్రలు వాడుతోంది. పంటి వాపు తీసేసరికి కడుపు పాడైంది. డాక్టరు రాసినవి 5 మిల్లీలీటర్ల చిన్న ప్లాస్టిక్ గొట్టాలు. బాగా కుదిపి, మూతి విరిచి తాగెయ్యాలి. లోపల కాస్త తెల్లగా మసకబారిన నీళ్లు, అంతే. రుచీ లేదు, వాసనా లేదు. "ఈ నీళ్లకు ఇంత డబ్బు పోశావా? గిన్నెడు పెరుగు తింటే సరిపోయేదిగా" అంది అమ్మ. చాలా ఇళ్లలో వచ్చే మాటే ఇది, సరైన ప్రశ్న కూడా.

ఆ గొట్టంలో ఉండేవి బాసిల్లస్ క్లాసీ అనే బాక్టీరియా సిద్ధబీజాలు (స్పోర్లు), అంటే నిద్రాణంగా ఉన్న రూపాలు. ఒక్కో గొట్టంలో 200 కోట్లు ఉంటాయి. గట్టి పొర కప్పుకుని ఉంటాయి కాబట్టి జీర్ణాశయంలోని ఆమ్లాన్ని దాటుకుని పేగుల్లోకి చేరతాయి. చాలా యాంటీబయాటిక్‌లకు లొంగని రకాలను ఏరి మరీ ఈ మందు తయారుచేస్తారు. పెరుగును తోడుకునేలా చేసే బాక్టీరియాకు ఆ రక్షణ లేదు. వాటిలో చాలాభాగం ఆమ్లానికే చస్తాయి, మిగిలినవాటిని పంటికోసం వేసుకునే మాత్రే చంపుతుంది. పైగా ఏ ఇంటి తోడులో ఏ రకాలు, ఎన్ని ఉన్నాయో లెక్క ఉండదు.

అయితే యాంటీబయాటిక్ విరేచనాల విషయంలో ఎక్కువ పరీక్షలకు నిలిచినవి వేరే రెండున్నాయి: లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీజీ, సాకరోమైసిస్ బౌలార్డీ. రెండోది బాక్టీరియా కాదు, ఈస్టు. బాక్టీరియాను చంపే మందు దాన్నేమీ చెయ్యలేదు. 1920లలో ఆన్రీ బౌలార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఇండోచైనాలో లిచీ, మాంగోస్టీన్ పండ్ల నుంచి దీన్ని వేరుచేశాడు. కలరా రోజుల్లో అక్కడివాళ్లు ఆ పండ్ల తొక్కలు కాచి తాగడం అతని కంట పడిందట. అందుకే డబ్బా మీద "ప్రోబయాటిక్" అన్న మాట ఒక్కటే చూసి కొనకండి. అందులో ఉన్న జీవి పేరు చదవండి. ఒక రకానికి ఉన్న గుణం పక్క రకానికి ఉండాలని లేదు.

అమ్మకు రెండు మూడు రోజుల్లో తగ్గింది. ఇలాంటివి చాలామందిలో వాటంతటవే సర్దుకుంటాయి కాబట్టి ఘనతంతా ఆ గొట్టాలకే కట్టబెట్టను. ఓఆర్ఎస్, ఉప్పు వేసిన పలుచని మజ్జిగ మాత్రం రోజంతా తాగించాను. ఒంట్లో నీరు తగ్గకుండా చూడటమే అన్నిటికన్నా ముఖ్యం. పెరుగు మంచి తిండి, అందులో సందేహం లేదు. కానీ పొగలు కక్కే అన్నంలో కలిపినా, మజ్జిగ పులుసుగా మరిగించినా అందులోని జీవులు బతకవు. పిండి ఎంత పులిసినా, ఆవిరికి ఉడికిన ఇడ్లీ సంగతీ అంతే.

ప్రోబయాటిక్‌ను నెలల తరబడి కొనసాగించమని ఎవరైనా చెబితే మాత్రం కారణం అడగండి. 2018లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ శాస్త్రవేత్తలు యాంటీబయాటిక్ వాడినవారికి 11 రకాలు కలిపిన ప్రోబయాటిక్ ఇచ్చి చూశారు. ఏమీ తీసుకోనివారికంటే వీరిలోనే సొంత సూక్ష్మజీవులు తిరిగి పుంజుకోవడం ఆలస్యమైంది. అమ్మకు యాంటీబయాటిక్ కోర్సు అయ్యాక కొద్ది రోజులకే డాక్టరు ఆ గొట్టాలు ఆపించారు.

మలంలో రక్తం, జ్వరం, కడుపులో తీవ్రమైన నొప్పి ఉంటే ఇంటి వైద్యం వద్దు, ఆలస్యం చెయ్యకుండా తీసుకెళ్లండి. క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారికి, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి వైద్యుణ్ని అడగకుండా ఏ ప్రోబయాటిక్‌నూ ఇవ్వకూడదు.

ఇంకొకటి. నాన్నగారి చీటీలో సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ లాంటి పేర్లుంటే పాలు, పెరుగుతో కలిపి ఆ మాత్ర వెయ్యకండి. కాల్షియం ఆ మందును పట్టేసుకుని ఒంటికి సరిగా అందనివ్వదు. మధ్యలో ఎన్ని గంటలు ఎడం ఉండాలో మందుల షాపులో ఫార్మసిస్టు చెబుతారు.