నల్లమలలో ఆ రాతి గోడలు ఎవరివి?

మీరు శ్రీశైలం దారిలో ఫరహాబాద్ సఫారీకి వెళ్తే అడవి మధ్యలో పైకప్పు లేని పాత కట్టడం కనిపించిందని, డ్రైవరు దాన్ని నిజాం వేట బంగ్లా అన్నాడని రాశారు. దాని చరిత్రేమిటి, ఎవరెవరి చేతులు మారింది అని అడిగారు. ఆ గోడల ముందు నుంచి నేను పది పన్నెండు సార్లు వెళ్లి ఉంటాను, దాదాపు ప్రతిసారీ ఈ అడవిలోనే జరిగే సలేశ్వరం శివుడి జాతరకే. మొదటిసారి చైత్ర పౌర్ణమి ఎండకు తట్టుకోలేక కాసేపు కూలబడింది ఆ గోడ నీడలోనే. పక్కన ఒక చెంచు పెద్దాయన కూర్చుని ఉన్నాడు. నా సీసాలో నీళ్లు అయిపోయాయని చూసి తన సొరకాయ బుర్రలోవి పోశాడు. అలా మొదలైన మాటలు ఆ తర్వాత చాలా జాతరల దాకా సాగాయి. నేను చెప్పేదాంట్లో కొంత చదివింది, కొంత ఆయన దగ్గర విన్నది.

కట్టడం నిజాంల కాలానిదే. దాన్ని షికార్‌గాహ్ అంటారు, అంటే వేట విడిది. మన్ననూరు దాటాక ఫరహాబాద్ గేటు నుంచి అడవి దారిలో పది కిలోమీటర్లు లోపలికి వెళ్తే వస్తుంది. అమ్రాబాద్ పీఠభూమి రెండు వేల అడుగులకు పైమాటే. కింద పాలమూరు మైదానం సెగలు కక్కుతున్నా ఇక్కడ పొద్దు వాలేసరికి గాలి చల్లబడుతుంది. వేసవి విడిదికీ వేటకీ ఒకేసారి కుదిరే చోటు అది.

యజమానుల జాబితా మీరు అనుకున్నంత పెద్దది కాదు. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిశాక ఆ అడవి హైదరాబాద్ రాష్ట్రానిది అయింది, 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌ది. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు, 1983లో పులుల్ని కాపాడే కేంద్ర పథకం ప్రాజెక్ట్ టైగర్ కిందికి తెచ్చారు. అలా ఏర్పడిన నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం రాష్ట్రం విడిపోకముందు 3,568 చదరపు కిలోమీటర్లతో దేశంలోకెల్లా పెద్దది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు కృష్ణకు ఉత్తరాన ఉన్న ముక్క అమ్రాబాద్ టైగర్ రిజర్వుగా తెలంగాణకు వచ్చింది. గోడలు కూడా దానితోపాటే. కాగితాల మీద కథ అంతే.

ఇంటర్నెట్‌లో తరచూ కనిపించే ఒక పొరపాటు గురించి కూడా చెప్పాలి. పడి ఉన్న పులుల వెనక తుపాకులు పట్టుకుని నిలబడ్డ దొరల పాత ఫొటోలు పెట్టి ‘ఫరహాబాద్ బంగ్లా’ అని రాస్తుంటారు. వాటిలో అందరికీ తెలిసిన ఫొటో 1902 ఏప్రిల్‌లో వైస్రాయ్ కర్జన్ దంపతులది. అది తీసింది వరంగల్ వైపు నెక్కొండ దగ్గరి వేట శిబిరంలో. తీసినవారు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్. మహబూబ్ అలీ ఖాన్‌కు పులి వేటంటే ప్రాణం, అందులో అనుమానం లేదు. కానీ సంస్థానంలో జరిగిన ప్రతి వేటనూ తెచ్చి ఈ నాలుగు గోడలకు తగిలిస్తే ఈ చోటి అసలు కథ మరుగున పడిపోతుంది.

ఆ అసలు కథ నాకు పెద్దాయన మాటల్లోనే అందింది. వేట అనగానే మనకు తుపాకీ పేలడమే గుర్తొస్తుంది. నిజానికి అది చివరి క్షణం. అంతకుముందు రోజుల తరబడి పని ఉంటుంది. పులి తిరిగే దారుల్లో ఎరగా దున్నపోతు దూడల్ని కట్టాలి. తెల్లవారకముందే వెళ్లి ఏ దూడను కొట్టిందో చూడాలి. అడుగు జాడను బట్టి పులి ఏ వాగు పొదల్లో పడుకుందో పోల్చుకోవాలి. ఆ తర్వాత హాకా: వందల మంది అర్ధచంద్రంలా నిలబడి డప్పులు కొడుతూ, కేకలు వేస్తూ పులిని మంచె వైపు తోలుకొస్తారు. పక్కకు తప్పించుకోకుండా చెట్ల మీద కొందరిని కూర్చోబెడతారు. పులి వెనక్కి తిరిగితే మొదట ఎదురయ్యేది చేతిలో కట్టె తప్ప ఏమీ లేని ఈ మనుషులే. మంచె మీది దొరకు తుపాకీ ఉంటుంది, ఎత్తూ ఉంటుంది.

“మా తాత జాడ చూసెటోడు సారూ. ఆకు మీద మంచు రాలిందా లేదా చూసి, పులి ఎంతసేపటి కింద పోయిందో చెప్పెటోడు,” అన్నాడు పెద్దాయన. “మరి ఆయనకు ఏమిచ్చేవారు తాతా?” అని అడిగాను. “తిండి పెట్టేదట. ఒకసారి కంబళి ఇచ్చిన్రట,” అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. కోపం నాకే వచ్చింది. పులి ఎక్కడుందో తెలిసిన మనిషి పేరు ఏ ఫొటో కింద రాశారు?

1940లో క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త ఈ పీఠభూమి మీదే ఉండి చెంచుల జీవితాన్ని నమోదు చేశారు. గడ్డలు తవ్వుకోవడం, తేనె తీయడం, పెంటలు, అంటే తమ చిన్న గూడేలు, ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చుకోవడం అన్నీ రాశారు. ఆ తర్వాతే నిజాం ప్రభుత్వం చెంచుల కోసం సుమారు లక్ష ఎకరాల అడవిని ప్రత్యేకంగా కేటాయించింది. అంటే ఆ రాజ్యమే ఒక దశలో ఈ అడవి వీళ్లది అని ఒప్పుకుంది. మరి యజమానుల గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి ఎవరికీ ఎందుకు గుర్తు రాదో నాకు అర్థం కాదు.

షికారు అడవుల గురించి ఒక మాట ఒప్పుకోవాలి. రాజుల వేట కోసం అట్టిపెట్టిన చోట్ల మిగతా చోట్ల కొట్టేసినట్టు చెట్లు కొట్టలేదు. మైసూరు వాళ్ల బందీపూర్, జైపూర్ వాళ్ల రణథంబోర్ అలా మిగిలినవే. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చేనాటికి దేశంలో లెక్కతేలిన పులులు 1,827. ఆ చట్టం ఇంకో పదేళ్లు ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే భయమేస్తుంది. పులికి ఆ రక్షణ కావాల్సిందే, నేను గట్టిగా నమ్ముతాను. కానీ ఇప్పుడు కోర్ ప్రాంతంలోని, అంటే పులులకే వదిలిపెట్టాలనే లోపలి అడవిలోని పెంటలను, ఊళ్లను బయటికి తరలించే మాట నడుస్తోంది. కుటుంబానికి 15 లక్షల ప్యాకేజీ. చట్టం ప్రకారం వాళ్లు ఇష్టపడితేనే కదలాలి. కొందరు కుర్రాళ్లు బడి, ఆసుపత్రి కోసం వెళ్తామంటున్నారు, అదీ న్యాయమే. పెద్దాయన మాత్రం ఆ మాట ఎత్తితే చుట్ట వెలిగించుకుని అటు తిరిగేవాడు.

పేరు సంగతి చెప్పకపోతే ఈ జవాబు సగమే. ఫరహాబాద్ అంటే సంతోషం నిండిన చోటు అనుకోవచ్చు. వేసవి విడిదికి వచ్చినవాళ్లు పెట్టుకున్న పేరు. అంతకుముందు ఆ చోటును పుల్లచెలమల అనేవారు. చెలమ అంటే ఇసుకలోనో వాగు ఒడ్డునో చేత్తో తవ్వుకునే నీటి గుంట. నాకైతే ఆ పేరే అన్నీ విప్పి చెప్పినట్టు ఉంటుంది. ఎండాకాలం నల్లమలలో నీరున్న చోటికే జింక వస్తుంది, జింక వెనక పులి వస్తుంది, పులి కోసం రాజు వస్తాడు. చెంచులు మాత్రం వీళ్లెవరూ రాకముందు నుంచీ అక్కడ చెలమ తవ్వుకుంటున్నారు.

మళ్లీ వెళ్తే సఫారీ జీపును గోడల దగ్గర ఒక్క నిమిషం ఆపమనండి. అది పులి తిరిగే చోటు కాబట్టి వాళ్లు వద్దంటే దిగకండి. రాళ్ల మీద పేర్లు చెక్కే పని అసలే వద్దు, ఇప్పటికే చాలామంది చెక్కారు. శ్రీశైలం రోడ్డు రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా మూసేస్తారు, మన్ననూరు దగ్గరే ఆపేస్తారు. గైడు చెంచు కుర్రాడైతే ‘నిజాం బంగ్లా ఎక్కడ?’ అనకుండా ‘పుల్లచెలమల ఎటువైపు తమ్ముడూ?’ అని అడిగి చూడండి. నేను అలా అడిగినప్పుడు ఆ కుర్రాడు జీపు దిగి, గోడలు దాటి, ఎండిన వాగు దాకా తీసుకెళ్లి చూపించాడు.