ఆకుల్లోని సహజ పదార్థాలు బ్యాక్టీరియాని నిజంగా చంపుతాయా? యాంటీబయాటిక్ బదులు ఆకురసం వాడుకోవచ్చా?

చంపుతాయి, కానీ ల్యాబ్ ప్లేటు మీద. యాంటీబయాటిక్ మానేసి ఆకురసం తాగొచ్చా అంటే మాత్రం వద్దు. నేను ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ ప్రాజెక్టు దీని మీదే చేశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మేం తీసుకున్నది జామ ఆకు. నీడన ఆరబెట్టి, పొడి కొట్టి, ఇథనాల్ అనే ఆల్కహాల్‌లో నానబెట్టి వడగట్టాం. అగార్ (బ్యాక్టీరియాని పెంచే జెల్లీ) ప్లేటు మీద స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియాని పూసి, వెల్స్, అంటే చిన్న గుంటలు, చేసి వాటిలో ఆ ఎక్స్‌ట్రాక్ట్ పోశాం. మర్నాడు పొద్దున ఇంక్యుబేటర్ తెరవగానే నా పార్ట్‌నర్ ఆనందం పట్టలేకపోయింది. వెల్ చుట్టూ బ్యాక్టీరియా అన్నదే లేకుండా పెద్ద జోన్! ఫొటోలు కూడా తీసేసింది. మా గైడ్ మేడమ్ వచ్చి ప్లేటుని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు. మేం మురిసిపోతున్న జోన్‌ని ఆవిడ చూడనే లేదు. పక్క వెల్ మీద వేలు పెట్టి, "ఇందులో ఏం పోశారమ్మా?" అన్నారు. అది ఉత్త ఇథనాల్, కంట్రోల్ కోసం, అంటే పోల్చి చూడడానికి, పోసింది. దాని చుట్టూ కూడా జోన్ ఉంది, కాస్త చిన్నది. "ఇందులో ఆకు చంపినదెంత, ఆల్కహాల్ చంపినదెంత? ముందు అది తేల్చండి" అని ప్లేటు మా చేతిలో పెట్టి వెళ్లిపోయారు.

ఇథనాల్ అంతా ఆవిరి చేసి, మిగిలినదాన్ని కొద్దిపాటి డీఎంఎస్ఓ అనే ఇంకో ద్రావకంలో కరిగించి మళ్లీ పెట్టాం. జోన్ బాగా తగ్గింది, కానీ పోలేదు. ఉత్త డీఎంఎస్ఓ పోసిన వెల్ చుట్టూ ఏమీ రాలేదు. అంటే ఆ మిగిలిన జోన్ ఆకుదే. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. అదే ఎక్స్‌ట్రాక్ట్ ఈ-కోలై అనే ఇంకో బ్యాక్టీరియా మీద మాత్రం పనిచేయలేదు. దాని లాంటి గ్రామ్ నెగటివ్ అనే రకం బ్యాక్టీరియాకి బయట ఇంకో పొర ఉంటుంది. మొక్కల పదార్థాల్లో చాలావాటిని ఆ పొర లోపలికి రానివ్వదు.

ఇక్కడ నా కోపం ఒకటి చెప్పుకోవాలి. సాల్వెంట్ కంట్రోల్ (ద్రావకం ఒక్కటే పోసిన వెల్) ఊసే లేకుండా వచ్చే పేపర్లు ఎన్నో! పైగా "మా ఆకు యాంటీబయాటిక్‌తో సమానం" అని రాస్తారు. పోలిక కోసం పెట్టే చిన్న కాగితం బిళ్ల, అంటే సిప్రోఫ్లాక్సాసిన్ యాంటీబయాటిక్ డిస్క్‌లో ఉండే మందు 5 మైక్రోగ్రాములు. వెల్‌లో పోసే ఎక్స్‌ట్రాక్ట్ తరచుగా మిల్లీగ్రాముల్లో ఉంటుంది. వందల రెట్లు ఎక్కువ పోసి రెండు జోన్లనూ స్కేలుతో కొలిచి సమానం అంటే ఎలా? అసలు జోన్ సైజు బట్టి బలం చెప్పలేం. అగార్‌లో తేలిగ్గా పాకే పదార్థానికి పెద్ద జోన్ వస్తుంది, పాకనిదానికి చిన్నది వస్తుంది. బ్యాక్టీరియా పెరుగుదలను ఆపే కనీస మోతాదు, అంటే ఎంఐసీ, చూడాలి. ఎక్స్‌ట్రాక్ట్ ఎంఐసీ మిల్లీలీటరుకి 1 మిల్లీగ్రాము దాటితే ఆ పరీక్షకి విలువ లేదని రియోస్, రెసియో అనే పరిశోధకులు 2005లోనే రాశారు. అయినా వినేవాళ్లేరీ?

తాగితే ఎందుకు పనిచేయదంటే, ఆకుల్లో ఎక్కువగా దొరికే క్వెర్సెటిన్ లాంటి పదార్థాలని మన పేగులూ కాలేయమూ చాలా త్వరగా వేరే రూపంలోకి మార్చేస్తాయి. ప్లేటు మీద పెట్టిన మోతాదు రక్తంలోకి చేరదు. టీ ట్రీ ఆకుల నూనె చర్మం మీద వాడతారు, అదే మింగితే విషం. మరిగిస్తే మంచిదనే మాట కూడా అన్ని ఆకులకీ వర్తించదు. చైనా శాస్త్రవేత్త తు యూయూ మలేరియా మందు కోసం ఆర్టిమీసియా మొక్క మీద పనిచేసినప్పుడు వేడి వల్ల గుణం పోతోందని అనుమానించి, తక్కువ వేడి దగ్గర ఈథర్‌తో సారం తీశారు. అలా దొరికిన ఆర్టిమీసినిన్‌కే 2015లో ఆవిడకి నోబెల్ వచ్చింది. అంటే ఆకులోంచి మందు వస్తుంది, కానీ దాన్ని విడిగా తీసి, మోతాదు కట్టి, పరీక్షించాక వస్తుంది.

నన్నడిగితే ఆకుల అసలు బలం చంపడంలో లేదు. బెర్బెరిస్ మొక్కలు బ్యాక్టీరియాని చంపే బెర్బెరిన్ అనే పదార్థం తయారుచేస్తాయి. స్టాఫిలోకాకస్ దాన్ని నార్-ఏ అనే పంపుతో, చిల్లుపడిన పడవలోంచి నీళ్లు తోడేసినట్టు, బయటికి తోసేస్తుంది. ఆ మొక్కల ఆకుల్లోనే ఇంకో పదార్థం ఉందని, దాని పేరు 5′-మెథాక్సీహిడ్నోకార్పిన్ అని 2000లో తేలింది. అది సొంతంగా బ్యాక్టీరియాని ఏమీ చేయదు. పంపుని ఆపుతుంది, అంతే. అప్పుడు బెర్బెరిన్ లోపల పేరుకుని పని కానిస్తుంది. నార్‌ఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌ని బయటికి తోసేది కూడా ఆ పంపే! రెసిస్టెన్స్ (బ్యాక్టీరియా మందులకి లొంగకపోవడం) గురించి ప్రపంచమంతా టెన్షన్ పడుతున్న ఈ రోజుల్లో మనం వెతకాల్సింది ఇలాంటి పదార్థాల కోసం. మామూలు పరీక్షలో ఇవి జోన్ ఇవ్వవు కాబట్టి ఎన్ని ఆకుల్ని "పనికిరావు" అని పక్కన పెట్టేశామో!

మీరు ప్రాజెక్టు చేయాలనుకుని ఈ ప్రశ్న అడిగి ఉంటే, ఎక్స్‌ట్రాక్ట్‌ని ఒంటరిగా పెట్టి ఆపేయకండి. రెసిస్టెంట్ స్టాఫిలోకాకస్ తీసుకుని, యాంటీబయాటిక్‌తో కలిపి చెకర్‌బోర్డ్ పద్ధతిలో, అంటే రెండింటి మోతాదులూ మార్చిమార్చి కలిపి, పెట్టండి. ఎక్స్‌ట్రాక్ట్ చేరినప్పుడు ఆ యాంటీబయాటిక్ ఎంఐసీ ఎంత పడిపోయిందో రాసుకోండి. పక్కన సాల్వెంట్ ఒక్కటే ఉన్న వెల్ మాత్రం తప్పకుండా పెట్టండి.