అప్పు తెచ్చి స్టార్టప్‌లో పెట్టొచ్చా?

ప్రశ్న: వయసు 36, హైదరాబాద్‌లో ఫార్మా ఉద్యోగం. చేతికి లక్షా 40 వేలొస్తుంది. హోమ్ లోన్ ఈఎంఐ 48 వేలు, ఇంటి ఖర్చు 55 వేలు. నాతో చదివిన ఫ్రెండ్ గుండె జబ్బును ముందే పసిగట్టే పరికరం తయారుచేస్తున్నాడు. 15 లక్షలు పెడితే ఐదేళ్లలో పది రెట్లవుతుందంటున్నాడు. పర్సనల్ లోన్ 10 లక్షలు, మా ఆవిడ బంగారం మీద 5 లక్షలు తెద్దామనుకుంటున్నాను. బ్యాంకులో 90 వేలున్నాయి. 67 ఏళ్ల నాన్నగారికి షుగర్. ఆయనకూ మా ఆఫీసు ఇన్సూరెన్సే. పెట్టొచ్చా?

జవాబు: పెట్టకండి. ఇలాంటి ఉత్తరాలు తరచూ వస్తున్నాయి కాబట్టే వివరంగా రాస్తున్నాను.

పర్సనల్ లోన్ 14 శాతానికి ఐదేళ్లకు తీసుకుంటే ఈఎంఐ సుమారు 23,300. బంగారం మీద వడ్డీ మరో నాలుగు వేలు. అన్నీ పోగా నెలకు పదివేలు కూడా మిగలవు. బంగారం మీద అసలు మాత్రం అలాగే ఉంటుంది. అది ఎలా తీరుస్తారో మీరు రాయలేదు.

పరికరం మంచిదే కావచ్చు. కానీ దాన్ని రోగులపై పరీక్షించాలి, అనుమతి రావాలి, ఆసుపత్రులు కొనాలి, ఆ బిల్లులు వసూలు కావాలి. ఈలోగా కంపెనీకి మళ్లీ డబ్బు కావాలి, కొత్తవాళ్లు వచ్చేకొద్దీ మీ వాటా తగ్గుతుంది. మీ ఈఎంఐ వచ్చే నెలే మొదలవుతుంది. స్టార్టప్‌లలో పెట్టే వెంచర్ ఫండ్లు ఒక్క కంపెనీని నమ్ముకోవు, చాలావాటిలో పెట్టి ఏళ్లతరబడి ఆగుతాయి. వాటిలో చేరాలంటే మామూలుగా కనీసం కోటి రూపాయలు పెట్టాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన. నష్టపోయినా తట్టుకోగలవాళ్ల కోసం పెట్టిన హద్దు అది. పైగా మీ జీతం, ఈ పెట్టుబడి రెండూ ఆరోగ్య రంగం మీదే ఆధారపడతాయి.

అన్నిటికంటే నాకు భయం వేసింది ఆ 90 వేలు చూసి. మీ ఇంటికి నెలకు లక్షా మూడు వేలు కావాలి. ఉద్యోగం పోతే ఒక్క నెల కూడా గడవదు. అదే రోజు నాన్నగారి ఇన్సూరెన్స్ కూడా పోతుంది. ఆరు నెలల ఖర్చు, అంటే 6 లక్షల 20 వేలు, ఎఫ్‌డీలోనో లిక్విడ్ ఫండ్‌లోనో (అవసరమైనప్పుడు త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) చేరేదాకా మరే పెట్టుబడీ వద్దు. ఇప్పుడు మిగిలే 37 వేలలో 30 వేలు అందులో వేస్తే ఏడాదిన్నరలో చేరుతుంది. మిగతా ఏడు వేలు నాన్నగారి పేరిట విడిగా తీసుకునే పాలసీకి ఉంచండి. ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ ఉండొచ్చు, అంటే అప్పటిదాకా వాటికి క్లెయిమ్ రాదు, అందుకే ఈ నెలలోనే తీసుకోండి. షుగర్ సంగతి దాచకండి, దాస్తే క్లెయిమ్ తిరస్కరించొచ్చు.

ఆ తర్వాత ఆరోగ్య రంగం మీద అంత ఆసక్తి ఉంటే హెల్త్‌కేర్ మ్యూచువల్ ఫండ్‌లో చిన్న సిప్ చాలు.

ఫ్రెండ్‌కు ఈ వారంలోనే కుదరదని చెప్పేయండి, ఆయనా మరొకరిని చూసుకుంటారు. పర్సనల్ లోన్‌కు అప్లై చేసి ఉంటే డబ్బు ఖాతాలో పడకముందే రద్దు చేయించండి.