అమ్మగారి కనురెప్పల సర్జరీ: ఆస్పిరిన్, చూపు భయం గురించి

అమ్మగారికి 60 దాటాయి, పై రెప్పల చర్మం జారింది, గుండె కోసం ఆస్పిరిన్ వాడుతున్నారు, సర్జరీలో చూపు పోతుందేమోనని భయంగా ఉందని రాశారు కదండీ.

చూపు పోవడం చాలా చాలా అరుదు. కానీ దానికి ముఖ్య కారణం కంటి వెనక రక్తస్రావం కాబట్టి రక్తాన్ని పలచబరిచే ఆస్పిరిన్ సంగతే ముందు తేల్చుకోవాలి. దయచేసి మీ అంతట మీరు ఆపకండి. స్టెంట్ ఉన్నవాళ్లు ఆపితే గుండెకే ప్రమాదం. గుండె డాక్టర్, సర్జన్ ఇద్దరూ మాట్లాడుకుని నిర్ణయించాలి. ఇంట్లో వాడే వెల్లుల్లి, చేపనూనె మాత్రల గురించి కూడా చెప్పండి, చాలామంది వాటిని మందులుగా లెక్కించరు.

కళ్లు పొడిబారే సమస్య ఉంటే సర్జరీ తర్వాత పెరగవచ్చు, ముందే పరీక్ష చేయించండి. జారింది చర్మమా, రెప్పను ఎత్తే కండరమా అనేది కూడా తేలాలి. కండరమైతే ఆపరేషనే వేరు. అందుకే బ్యూటీ క్లినిక్ కన్నా ఆక్యులోప్లాస్టీ (కనురెప్పలకు, కంటి చుట్టూ భాగాలకు చేసే సర్జరీ) చేసే కంటి డాక్టర్ దగ్గరికే వెళ్లమంటాను. హైదరాబాద్ ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది.

మొదటి రెండు రోజులు తల ఎత్తుగా పెట్టి పడుకోవాలి, చల్లటి కాపడం పెట్టాలి. కుట్లు సాధారణంగా వారంలో తీస్తారు. వాపు, కమిలిన రంగు ఒకటి రెండు వారాల్లో చాలావరకు తగ్గుతాయి. వంగి బరువులెత్తనివ్వకండి.

ముఖ్యంగా మొదటి రోజు కన్ను ఉబ్బి విపరీతంగా నొప్పి పెట్టినా, చూపు మసకబారినా తెల్లారేదాకా ఆగకండి. అర్ధరాత్రి అయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.