దేవుని ఆజ్ఞలకు లోబడితే ఆత్మీయంగా ఎదుగుతామా? ఒక బిల్డింగ్ కాంట్రాక్టర్ జవాబు

మీరు అడిగింది ఇది: "రోజూ ప్రార్థన చేస్తున్నాను, బైబిలు చదువుతున్నాను. అయినా ఎదుగుతున్నట్టు అనిపించడం లేదు. ఆజ్ఞలకు లోబడితేనే ఎదుగుదల అంటున్నారు. నిజమేనా? మన యోగ్యత చూడకుండా దేవుడు ఇచ్చే కృప ఉండగా ఇంకా ఆజ్ఞలెందుకు?"

నిజమే. నా వరకు ఇందులో అనుమానమే లేదు. ఇంకో మాట కూడా అంటాను, కోపం తెచ్చుకోకండి. లోబడకుండా ఎదిగిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. గంటసేపు గొంతెత్తి ప్రార్థించేవాళ్లను చూశాను, ఏ వచనం అడిగినా అధ్యాయంతో సహా అప్పజెప్పేవాళ్లను చూశాను. అది వేరే విద్య.

నేను ఇళ్లు కట్టిస్తాను. పెద్ద కంపెనీ ఏమీ కాదు, చిన్న కాంట్రాక్టర్ని. వేదాంత కళాశాల గడప తొక్కలేదు. కాబట్టి నా జవాబులో సిమెంటు వాసన వస్తుంది, సర్దుకోండి.

ఆజ్ఞలు అనగానే అందరికీ దేవుడు మోషేకు రాతి పలకల మీద ఇచ్చిన పదే గుర్తొస్తాయి. యూదుల లెక్క ప్రకారం ధర్మశాస్త్రంలో, అంటే బైబిలు మొదటి ఐదు పుస్తకాల్లో, మొత్తం 613 ఆజ్ఞలున్నాయి. చేయమని చెప్పేవి 248, చేయొద్దనేవి 365. నేను క్రైస్తవుణ్ని, బలుల పద్ధతులూ యాజకుల వస్త్రాల కొలతలూ నాకు వర్తిస్తాయని అనడం లేదు. కానీ ఎవరి బతుకుకు, ఎవరి వృత్తికి సూటిగా తగిలే ఆజ్ఞ వాళ్లకు ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది. దాన్ని మాత్రం పక్కనపెట్టి మిగతా లేఖనమంతా ఎంత ధ్యానించినా బండి కదలదు. నా అభిప్రాయం ఇంతే, మిగతాదంతా దీనికి వివరణ.

నాకు తగిలినది ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం, 14, 15 వచనాల్లో ఉంది. బీదవాడైన కూలివాణ్ని బాధపెట్టకూడదు, వాడు నీ సొంత జనంలోవాడైనా సరే, పరదేశి అయినా సరే. ఏ రోజు కూలి ఆ రోజే, సూర్యుడు అస్తమించకముందే ఇచ్చెయ్యాలి. కారణం కూడా అక్కడే ఉంది: వాడు బీదవాడు, ఆ కూలి మీదే ఆశ పెట్టుకుని ఉంటాడు. లేవీయకాండం 19:13లోనూ ఇదే మాట, కూలివాడి డబ్బు తెల్లవారేదాకా నీ దగ్గర ఉండకూడదని. నిన్నువలె నీ పొరుగువాణ్ని ప్రేమించు అని అందరం గోడలకు తగిలించుకునే మాట ఉందే, అది సరిగ్గా ఐదు వచనాల తర్వాత వస్తుంది. అదే అధ్యాయం, అదే పేజీ. గోడమీద మాత్రం కూలి వచనం ఎవరూ తగిలించరు.

మా పనిలో రివాజు దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. వారం కూలి చేతిలో అట్టిపెట్టుకుంటేనే మనిషి మళ్లీ పనిలోకి వస్తాడని పాతవాళ్లు చెబుతారు. పైనుంచి బిల్లు వచ్చాకే కింద పంచాలి అన్నది రెండో సూత్రం. నేను సూపర్‌వైజర్‌గా ఉన్న రోజుల్లో మా యజమాని ఈ రెండూ తప్పకుండా పాటించేవాడు, ఆదివారం ఆరాధన కూడా అంతే తప్పకుండా. సొంతంగా పని పట్టుకున్నప్పుడు నేను ఒకటి అనుకున్నాను. మనకు మహా విశ్వాసం లేదు, ఉపవాసాలు ఉండే ఓపిక లేదు, కనీసం ఈ ఒక్క ఆజ్ఞ అక్షరాలా చేద్దాం, ఏమవుతుందో చూద్దాం.

ఏమైందో ఒక్క సాయంత్రం చెబితే చాలు.

శ్లాబ్ వేసే రోజు. తెలియనివాళ్లకు చెప్పాలంటే, శ్లాబ్ మొదలుపెట్టాక మధ్యలో ఆపడం కుదరదు. ఆగితే పాత కాంక్రీటు గట్టిపడి, కొత్తది దానితో కలవదు, తర్వాత అక్కడి నుంచే నీళ్లు కారతాయి. అందుకని ఆ రోజు మామూలుకన్నా చాలామంది మనుషులు ఉంటారు. ఇంటి ఓనరు మధ్యాహ్నానికి డబ్బు తెస్తానన్నాడు. మధ్యాహ్నం దాటింది. ఫోన్ చేస్తే "రేపు పొద్దున చూద్దాం లెండి, ఎక్కడికి పోతాను" అన్నాడు. ఓనర్లందరూ ఇదే మాట ఎక్కడ నేర్చుకుంటారో నాకు తెలియదు. గ్రానైట్‌కీ, లైట్లకీ డబ్బు ఉంటుంది, కూలి దగ్గరికి వచ్చేసరికి రేపు.

శ్లాబ్ పూర్తయింది. మిక్సర్ కడిగేశారు. డ్రమ్ము దగ్గర తట్టలు, పారలు, కాళ్లు, చేతులు కడుక్కుని అందరూ ఇటుకల వరస మీద కూర్చున్నారు. పెద్ద మేస్త్రీ నా దగ్గరికి వచ్చి, "సార్, రేపు ఇద్దురుగాని లెండి. మీరు ఎగ్గొట్టేవాళ్లు కాదని మాకు తెలుసు" అన్నాడు. తప్పించుకోవడానికి అంతకంటే మంచి దారి ఎవరికైనా దొరుకుతుందా? అడగాల్సినవాళ్లే వద్దంటున్నారు. మగవాళ్లు కొందరు లేచి చొక్కాలు దులుపుకుంటున్నారు. కాంక్రీటు మోసిన ఒకావిడ మాత్రం లేవలేదు. తలమీద చుట్టకుదురు ఇంకా తీయలేదు. ఏమీ అడగలేదు కూడా. మేస్త్రీ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది.

"ఆశ పెట్టుకుని ఉంటాడు" అన్న మాటకు అర్థం నాకు అప్పుడు తెలిసింది. వచనం అంతకుముందు ఎన్నిసార్లు చదివానో! మేస్త్రీకి నా మీద నమ్మకం ఉంది, రేపటిదాకా ఆగడానికి ఇంట్లో ఏదో ఉంది. ఆమెకు రేపు అన్నది లేదు. ఇద్దరికీ కలిపి మేస్త్రీ మాట ఇచ్చేస్తే ఎలా?

ఇనుము కొట్టువాడికి మర్నాడు కట్టాల్సిన డబ్బు విడిగా ఉంచాను. మేస్త్రీని అందరినీ కూర్చోబెట్టమని చెప్పి, బండి తీసి, వెళ్లి అదే తెచ్చాను. తిరిగి వచ్చేసరికి పడమర కొంచెం ఎరుపు ఉంది. సూర్యుడు అస్తమించాడా లేదా అని ఈ విషయం విన్న ఒక స్నేహితుడు నన్ను నిలదీశాడు. ఇలాంటివాళ్లు ప్రతి సంఘంలో ఒకరుంటారు, వాళ్లకు దండం.

ఫోన్ లైటు వేసుకుని హాజరు పుస్తకం తెరిచాను. మేస్త్రీల పేర్లు ఉన్నాయి. కింద "ఆడవాళ్లు" అని రాసి పక్కన అంకె ఉంది. మా లైన్లో అందరూ అలాగే రాస్తారు. ముఠాగా డబ్బు ఇచ్చేస్తే మేస్త్రీయే పంచుకుంటాడు కాబట్టి పేర్లతో పని ఉండదు. ఆ చీకట్లో ఎవరికి ముట్టిందో ఎవరికి ముట్టలేదో తేలాలంటే మాత్రం పేర్లు కావాల్సి వచ్చాయి. ఒక్కొక్కరినీ అడిగి, అంకె పక్కన రాసుకుంటూ, చేతికిచ్చాను. చుట్టకుదురు ఆవిడ డబ్బు లెక్కపెట్టుకుని, "ఇంత వస్తుందా?" అంది. మేస్త్రీ వేరేవైపు చూశాడు. దాని సంగతి మేస్త్రీతో తర్వాత విడిగా మాట్లాడాను. అది ఇక్కడ అనవసరం, కానీ ఆ మాట చెవిన పడకపోతే అలాంటిదొకటి జరుగుతోందని నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

మర్నాడు ఇనుము కొట్టు దగ్గర నాలుగు మాటలు పడ్డాను. ఓనరు వారమంతా తిప్పి తర్వాత ఇచ్చాడు. పాతవాళ్లు చెప్పినట్టే, చేతిలో బాకీ లేకపోయేసరికి కొందరు కూలీలు చెప్పకుండా వేరే పనికి పోయారు. "మరి దేవుడు ఆశీర్వదించాడా?" అని అడుగుతారు. పెద్ద కాంట్రాక్టులేమీ వచ్చి పడలేదండీ. ఈ ప్రశ్న వింటేనే నాకు చిరాకు. లోబడటం అంటే బ్యాంకులో డిపాజిట్ అనుకుంటున్నారు, వడ్డీ ఎప్పుడొస్తుందని లెక్క. అలా చెప్పి జనాన్ని ఊరించేవాళ్లు నిజంగా ఒక్కసారి లోబడి నష్టపోయి ఉంటే ఆ ప్రసంగం చేయరు.

ఎదుగుదల ఎక్కడ వచ్చిందంటే, దేవుడు ఎలాంటివాడో కొంచెం తెలిసింది. సర్వశక్తుడు, పరిశుద్ధుడు, ఇవన్నీ పాటల్లో పాడుతూనే ఉన్నాను. సాయంత్రం అయ్యేసరికి ఒక కూలిమనిషి చేతిలో డబ్బు పడిందా లేదా అని చూసేవాడు ఆయన అన్నది నాకు పాటల్లో దొరకలేదు. అప్పటినుంచి పొద్దు వాలుతుంటే నాకు టెన్షన్ మొదలవుతుంది, డబ్బు సర్దానా లేదా అని. ఆయన చూసేవైపు నేనూ చూడటం నేర్చుకున్నాను. ఆత్మీయత అనే మాటకు నాకు తెలిసిన అర్థం అదే. ప్రార్థన కూడా మారింది. అంతకుముందు నా ప్రార్థన నిండా నా పనులే ఉండేవి. ఇప్పుడు హాజరు పుస్తకంలోని పేర్లు వస్తాయి.

ఇది నా సొంత కవిత్వం కాదు. యిర్మీయా 22వ అధ్యాయం చూడండి. మా వృత్తివాళ్లంతా చదవాల్సిన అధ్యాయం. యెహోయాకీము అనే రాజు పెద్ద పెద్ద మేడగదులు, కిటికీలు, దేవదారు పలకలు, ఎర్ర రంగు, అన్నీ పెట్టి ఇల్లు కట్టించుకుంటున్నాడు. కూలి ఇవ్వకుండా కట్టిస్తున్నాడు. ప్రవక్త వాణ్ని ఉతికి ఆరేసి, వాడి తండ్రి యోషీయాను గుర్తుచేస్తాడు. ఆయనా తిన్నాడు, తాగాడు, కానీ బీదల పక్షాన న్యాయం తీర్చాడు. ఆ వెంటనే 16వ వచనంలో దేవుడు అడుగుతాడు: నన్ను తెలుసుకోవడమంటే అదే కదా? న్యాయం చేస్తే ఆ తర్వాత నన్ను తెలుసుకుంటావు అని కూడా అనడు. చేయడమే తెలుసుకోవడం అంటాడు. మీరు అడిగిన ప్రశ్నకు ఆ ఒక్క వచనం చాలు, నేను ఇంత రాయాల్సిన పనే లేదు.

కొత్త నిబంధనకు వచ్చినా మాట మారలేదు. మత్తయి 20లో ద్రాక్షతోట యజమాని కథ చెప్పేటప్పుడు ప్రభువు, సాయంకాలమైనప్పుడు పనివాళ్లను పిలిచి కూలి ఇమ్మన్నాడని చెబుతాడు. ఆ కథలో కృప గురించి వెయ్యి ప్రసంగాలు విన్నాను, ఆలస్యంగా వచ్చినవాళ్లకూ పూర్తి కూలి ఇచ్చి కృప చూపించిన ఆ యజమాని ఆ రోజు కూలి ఆ రోజే ఇచ్చాడన్న సంగతి ఎవరూ ఎత్తరు. యాకోబు పత్రిక 5:4లో అయితే బిగబట్టిన కూలి తనే మొరపెడుతుంది, కోత కోసినవాళ్ల కేకలు దేవుని చెవుల్లో పడతాయి.

కృప ఉండగా ఆజ్ఞలెందుకు అన్నారు కదా. నిర్గమకాండం 20వ అధ్యాయం రెండో వచనంతో మొదలుపెట్టి చదవండి. బానిసత్వం నుంచి నిన్ను బయటికి తెచ్చినవాణ్ని నేనే అని ముందు చెప్పి, ఆ తర్వాతే మొదటి ఆజ్ఞ ఇస్తాడు. విడుదల ముందు, ఆజ్ఞ తర్వాత. ఆజ్ఞలు పాటించి విడుదల సంపాదించుకున్నవాళ్లు ఎవరూ లేరు. ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, బానిసలుగా ఉన్న ఇశ్రాయేలీయుల పని ఏమిటో తెలుసు కదా, ఇటుకలు చేయడం. అక్కడి రాజు ఫరో ఇటుకల్లో కలిపే గడ్డి ఇవ్వడం మానేసి, ఇటుకల లెక్క మాత్రం తగ్గకూడదన్నాడు. ఆ మనుషులకే దేవుడు తర్వాత చెబుతున్నాడు, మీరు ఫరోలు కావొద్దని. ద్వితీయోపదేశకాండం 24లోనే రెండుసార్లు అంటాడు, నువ్వు ఐగుప్తులో దాసుడివని గుర్తుంచుకో అని. కృపకూ ఆజ్ఞకూ గొడవ ఎక్కడుందో నాకైతే కనిపించదు. విడుదల పొందినవాడు ఇంకొకణ్ని ఇరికించకూడదు, అంతే.

పనిలో పనిగా ఇంకో బాధ కూడా చెప్పుకుంటాను. పొద్దున లేస్తే ఫోన్ నిండా ఈ రోజు వాగ్దానం అంటూ పువ్వుల బొమ్మల మీద వచనాలు. అన్నీ దేవుడు మనకు చేసేవే. మనం చేయాల్సినది ఒక్కటీ రాదు. ఒకసారి నేను ఈ కూలి వచనాన్ని అలాగే పువ్వుల బొమ్మ మీద పెట్టి మా గ్రూపులో పంపాను. ఆమెన్ అన్నవాళ్లు లేరు. ఒకాయన "బ్రదర్, ఎవరినైనా ఉద్దేశించి పెట్టారా?" అని అడిగాడు.

అలాగే, లోబడమంటే దేవునికి. తనకు లోబడితే దేవునికి లోబడినట్టే అని చెప్పే నాయకులు ఎక్కడైనా ఉంటారు. వాళ్ల మాట ఆజ్ఞల్లో లేదు, ఏ లెక్కలో చూసినా, 613లో కూడా. మీరు అలాంటి చోట ఉండి ఎదుగుదల లేదని బాధపడుతుంటే, తప్పు మీ ప్రార్థనలో వెతక్కండి.

మొదలుపెట్టాలంటే మీరు రోజూ చేసే పనికి తగిలేది ఒక్కటి పట్టుకోండి. లెక్కలు రాసేవారైతే తప్పుడు తూకాల గురించి ఉంది, అప్పులిచ్చేవారైతే తాకట్టు గురించి అదే 24వ అధ్యాయంలో ఉంది: తాకట్టు వస్తువు కోసం వాడి ఇంట్లోకి చొరబడకూడదు, బయట నిలబడాలి. అందరికీ పనికొచ్చేది కావాలంటే తల్లిదండ్రుల సంగతి ఎలాగూ ఉంది. పదీ ఒకేసారి నెత్తిన వేసుకోకండి. ఒకటి చేస్తే దాని పక్కది దానంతటదే కనిపిస్తుంది.

నాకు ఇప్పుడు పక్కది కనిపించింది, అదే అధ్యాయం 19వ వచనం. పొలంలో మరిచిపోయిన పన (కోసి కట్టిన ధాన్యపు కట్ట) కోసం వెనక్కి వెళ్లకూడదు, అది పరదేశికి, తండ్రి లేనివాడికి, విధవరాలికి. మా పనిలో మరిచిపోయిన పన అంటే మిగిలిపోయిన ఇనుప ముక్కలు, ఖాళీ సంచులు, సెంట్రింగ్ చెక్క ముక్కలు. ఇన్నాళ్లూ వాటిని పాత సామాను కొట్టుకు వేసి, వచ్చింది నేనే తీసుకున్నాను, కాంట్రాక్టులో అలాగే రాసుకుంటాం కాబట్టి. పోయిన పనిలో వాచ్‌మన్ భార్య ఆ చెక్క ముక్కలు అడిగింది, ఇచ్చాను. ఇనుము మాత్రం ఇంకా సైట్లోనే ఉంది, కొట్టువాడు తూకం వేయమంటారా అని రెండుసార్లు ఫోన్ చేశాడు.