కవా బార్‌లో నకమాల్ అనుభవం దొరుకుతుందా?

కవా అంటే ఒక మొక్క వేరును నలగగొట్టి నీళ్లతో కలిపి తాగే మత్తు పానీయం. పసిఫిక్ మహాసముద్రంలోని వనాటు దీవుల్లో దాన్ని తాగడానికి జనం చేరే చోటును నకమాల్ అంటారు. అమెరికాలో కొత్తగా వెలుస్తున్న కవా బార్‌లలో ఆ నకమాల్‌లో దొరికే అనుభవమే దొరుకుతుందా అన్నది ప్రశ్న. వనాటు రాజధాని పోర్ట్ విలాలో కొంతకాలం పనిచేసి, ప్రస్తుతం ఫ్లోరిడాలో ఉంటున్నవాడిగా నా సమాధానం ఒక్కటే: దొరకదు.

అయితే చాలామంది చెప్పే కారణాన్ని నేను ఒప్పుకోను. నకమాల్ తాతముత్తాతల నాటి పవిత్ర స్థలమనీ, కవా బార్ నిన్నగాక మొన్న పుట్టిన వ్యాపారమనీ, అందుచేత రెండోది నకిలీ అనీ వారు తేల్చేస్తారు. నేను సాయంత్రాలు గడిపిన పోర్ట్ విలా నకమాల్‌లు కూడా వ్యాపారాలే. వటూలు (అక్కడి డబ్బు) చెల్లించి కొబ్బరి చిప్పతో కవా కొనుక్కునే ఈ పట్టణపు నకమాల్‌లు 1980లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన తర్వాతి కాలంలోనే విరివిగా పెరిగాయి. పైన రేకుల కప్పు, కింద ప్లాస్టిక్ తొట్లు, పచ్చి వేరును నలగగొట్టడానికి కైమా కొట్టే యంత్రం ఉన్న చోట ప్రాచీనతను వెతకడం వృథా. అయినా అక్కడ వెలుతురు ఎంత ఉండాలి, ఎవరు ఎంత గొంతుతో మాట్లాడాలి, ఎప్పుడు తెరవాలి అన్నవన్నీ కవాయే నిర్ణయిస్తుంది. ఫ్లోరిడాలో నేను చూసిన చోట్ల ముందుగా బార్ తయారైంది, ఆ తర్వాత బీరు స్థానంలో కవా వచ్చి కూర్చుంది.

పల్లెల్లోని నకమాల్ వేరే సంగతి. ఉత్తరాది దీవుల్లో అది ఒక పెద్ద ఇల్లు, పెద్దల సమావేశాలూ తగవుల విచారణా అందులోనే జరుగుతాయి. టన్నా దీవిలో ఇల్లంటూ ఉండదు, మర్రిచెట్ల నీడన చదును చేసిన ఖాళీ జాగాయే నకమాల్. పొద్దు వాలే వేళకు మగవాళ్లు అక్కడ చేరతారు, కుర్రవాళ్లు వేరును నమిలి ఇస్తే దాన్ని నీళ్లతో కలిపి వడకడతారు, తాగినవాడు చివరి గుక్కను ఊస్తూ పూర్వీకులకు తన మనవి చెప్పుకుంటాడు, ఆపైన మాటలు సన్నగిల్లిపోతాయి. మనవాళ్లు ఇది వినగానే రచ్చబండతో పోలుస్తారు గానీ, రచ్చబండ మీద మౌనంగా కూర్చున్నవాణ్ణి ఏమైందిరా అని అడుగుతాం, టన్నాలో మాట్లాడేవాణ్ణి అలా చూస్తారు. ఈ దీవిలోనే ప్రెస్బిటేరియన్ మిషనరీలు ఒకప్పుడు కవాను మాన్పించారు. 1940 ప్రాంతంలో మిషనరీలను వదిలి పాత ఆచారాలకు మళ్లమన్న జాన్ ఫ్రమ్ ఉద్యమం లేచినప్పుడు జనం చర్చిలను ఖాళీ చేసి మళ్లీ మర్రిచెట్ల కిందికి వచ్చారు. ఒక పానీయం కోసం మతాధికారాన్ని ధిక్కరించిన వారి వారసత్వాన్ని మెనూ కార్డు మీద ‘రిలాక్సేషన్’ అనే ఒక్క మాటకు కుదించడం నాకు చిరాకు కలిగిస్తుంది.

ఇక నేను కళ్లారా చూసినది చెబుతాను. 2015 మార్చిలో వచ్చిన పామ్ తుపానులో దెబ్బతిన్న పాఠశాల భవనాలను తిరిగి కట్టే పనిలో నేను సైట్ ఇంజనీరుగా ఉన్నాను. ఒక రోజు టన్నాకు చెందిన వడ్రంగికీ పెంటెకోస్ట్ దీవికి చెందిన తాపీమేస్త్రీకీ గొడవ వచ్చింది. రాత్రి కురిసిన వానకు సిమెంటు బస్తాలు తడిసి గడ్డకట్టాయి, వాటి మీద పట్టా కప్పవలసింది నువ్వంటే నువ్వని ఇద్దరూ పంతం పట్టారు. మధ్యాహ్నానికి ఒకరు ఎక్కిన పరంజా మరొకరు ఎక్కని స్థితి వచ్చింది. మా ఫోర్‌మన్ ఇద్దరినీ ఏమీ అనకుండా సాయంత్రం నకమాల్‌కు రమ్మన్నాడు, నన్నూ రమ్మన్నాడు.

నకమాల్ తెరిచి ఉందనడానికి గుర్తుగా దారి మొదట్లో ఒక చిన్న దీపం వేలాడుతోంది. లోపల దాదాపు చీకటి. ఎవరి చిప్ప వారు తీసుకుని, పక్కకు వెళ్లి, నలుగురికీ వీపు తిప్పి, ఆగకుండా ఒకే గుక్కలో తాగేసి, చేదు పోవడానికి ఉమ్మివేసి వచ్చి బల్ల మీద కూర్చోవడమే అక్కడి పద్ధతి. రుచి గురించి అందంగా చెప్పడానికి ఏమీ లేదు, మట్టి వాసనా కారమూ చేదూ కలిసి ఉంటాయి, క్షణాల్లో నాలుక మొద్దుబారుతుంది. మిరియాలు, పిప్పళ్లు, తమలపాకు పుట్టిన కుటుంబానికే చెందిన మొక్క కనుక ఆ ఘాటులో నాకు ఆశ్చర్యం కనిపించలేదు. వడ్రంగి ఒక బల్ల మీద, మేస్త్రీ దూరంగా మరో బల్ల మీద కూర్చున్నారు. చాలాసేపు ఎవరూ నోరు విప్పలేదు.

అప్పుడు ఒక జీపు వచ్చి, హెడ్‌లైట్లు సరిగ్గా మా ముఖాల మీద పడేలా ఆగింది. ఎక్కడినుంచో తనిఖీకి వచ్చిన కన్సల్టెంట్ ఒకాయన ఇంజను ఆపకుండా, ఫోనులో గట్టిగా మాట్లాడుతూ అందులోనే కూర్చున్నాడు. కవా తాగినవారి కళ్లు వెలుతురును భరించలేవు, అందరూ తలలు దించుకున్నారు గానీ ఒక్కరూ కేక వెయ్యలేదు. పెంటెకోస్ట్ మేస్త్రీ నెమ్మదిగా లేచి వెళ్లి, కిటికీ దగ్గర వంగి వనాటు వాళ్ల ఉమ్మడి భాష బిస్లామాలో రెండు మాటలు చెప్పాడు. లైట్లు ఆరిపోయాయి. తిరిగి వచ్చినప్పుడు అతను తన పాత చోటికి వెళ్లకుండా వడ్రంగి కూర్చున్న బల్ల చివర కూర్చున్నాడు. తర్వాత ఇద్దరూ గుసగుసగా ఏదో అనుకున్నారు, నాకు వినిపించలేదు, వినిపించాలని వారూ అనుకోలేదు. మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి కొత్త బస్తాల మీద పట్టా బిగించి ఉంది, మేస్త్రీ పైన పని చేస్తుంటే వడ్రంగి కింద నిచ్చెన పట్టుకుని ఉన్నాడు. హెచ్చార్ వాళ్లు పవర్‌పాయింట్ వేసి నెలల తరబడి సాగదీసే వ్యవహారం అక్కడ ఒక చిప్పతో తీరిపోతుందని నా గట్టి నమ్మకం, రుజువు చూపమంటే మాత్రం నా వద్ద ఈ ఒక్క సాయంత్రమే ఉంది.

సంప్రదాయమంతా బంగారమని నేను అనడం లేదు. టన్నాలో మగవాళ్లు తాగే వేళకు ఆడవాళ్లు ఆ దరిదాపులకు కూడా రాకూడదు. పోర్ట్ విలాలో ఆ కట్టుబాటు సడలింది కాబట్టే మా అకౌంటెంటు ఆవిడ కూడా మాతోపాటు వచ్చి తన చిప్ప తాను తాగేది. అలాగే మౌనం, వనాటు, ఫిజీ ఉన్న మెలనీసియా దీవులంతటా ఉన్న నియమం కూడా కాదు. ఫిజీలో ఎండబెట్టి పొడి చేసిన వేరును తనోవా అనే చెక్క పాత్రలో కలిపి, చప్పట్ల మధ్య చిప్ప అందుకుని, అర్ధరాత్రి దాకా కబుర్లు చెప్పుకుంటారు. 1903 నుంచి 1916 దాకా మద్రాసు రేవు మీదుగా చెరకు తోటల్లో కూలి కోసం వెళ్లిన తెలుగువారి మనవలూ మునిమనవలూ కూడా ఈ రోజు పెళ్లిలోనైనా చావు ఇంట్లోనైనా దాన్ని ‘గ్రాగ్’ అంటూ అలాగే కలుపుకుంటారు. అమెరికాలో మన సంఘాలు ప్రపంచ తెలుగువారి గురించి గంటలు గంటలు ప్రసంగిస్తాయి గానీ వీరి పేరు ఎత్తగా నేను వినలేదు.

ఫ్లోరిడాలో నేను వెళ్లిన బార్ సంగతికి వస్తే, గోడ మీద పెద్ద టీవీల్లో ఫుట్‌బాల్, ఊదా రంగు నియాన్ లైట్లు, హవాయీ బొమ్మల పక్కనే మావోరీ చెక్కడాలు, చిప్ప అందుకున్న ప్రతిసారీ అందరూ కలిసి ‘బులా’ అని అరుపు. ఫిజీ వాళ్ల పలకరింపును తెచ్చి వనాటు వేరుకు తగిలించారు. పైగా చేదు తెలియకుండా అనాసరసం పోస్తారు. మద్యం మానేసినవారికి సాయంత్రం కూర్చోవడానికి ఒక చోటు దొరికిందన్నది నిజమే, ఆ మేలును నేను కాదనను. నాకు అసలు కోపం క్రాటమ్ మీద. అది ఆగ్నేయాసియాకు చెందిన వేరే చెట్టు ఆకు, శరీరంలో నల్లమందు పనిచేసే చోటే పనిచేస్తుంది, అలవాటు పడితే మానడం కష్టం. దాన్ని ఇక్కడి చాలా కవా బార్‌లు అదే కౌంటరు మీద, అదే మెనూలో అమ్ముతాయి. రేపు ఎవరికైనా హాని జరిగితే చెడ్డపేరు కవాకే వస్తుంది, దెబ్బ కవా పండించే పెంటెకోస్ట్ రైతుకు తగులుతుంది.

అలాంటి దెబ్బ ఆ రైతు ఒకసారి తిన్నాడు. కాలేయానికి హాని అన్న అనుమానంతో 2002లో జర్మనీ కవా మందులను నిషేధించింది. 2014లో అక్కడి కోర్టు ఆ నిషేధం చెల్లదని చెప్పింది గానీ వివాదం అంతటితో ముగియలేదు. మత్తు రెండో రోజుకూ వదలని రకాల ఎగుమతిని వనాటు 2002 నాటి కవా చట్టంతోనే అడ్డుకుంది. కాబట్టి మీరు బార్‌కు వెళ్లదలిస్తే ఏ దీవి నుంచి వచ్చిన ఏ రకం వేరో అడగండి, సమాధానం రాకపోతే లేచి వచ్చేయండి. రాత్రి భోజనానికి ముందు, ఖాళీ కడుపుతో, నీళ్లతో మాత్రమే కలిపినది తాగండి, తిండి ఆ తర్వాత తినండి. మద్యంతోనూ క్రాటమ్‌తోనూ కలపవద్దు. కాలేయ జబ్బు ఉన్నవారూ నిద్రమాత్రలు వాడేవారూ డాక్టరును అడగకుండా ముట్టుకోవద్దు. తాగాక కారు నడపవద్దు. పోర్ట్ విలాలో మేము మినీబస్సు ఎక్కి ఇంటికి పోయేవాళ్లం, ఫ్లోరిడాలో కారు లేకుండా బార్‌కు ఎలా వెళ్లి రావాలో మాత్రం నన్ను అడగకండి.